మేఘము నిలిచినప్పుడు

పఠన భాగములు: సంఖ్యాకాండము 9:15-23, 1 సమూయేలు 1:1-20

పాఠ సారాంశము: తెగులు కాలమున ఆగుట దానంతటదే అవిశ్వాసము కాదు, సాగుట దానంతటదే విశ్వాసము కాదు. దేవుని యెదుట నిజము చెప్పుకొని, భార్యాభర్తలు ఏకమనస్సుతో చేసిన నిర్ణయమును సంఘము గౌరవింపవలెను.



ఈ నెల పాఠము మన కూటములలో బహు అరుదుగా పలుకబడు సంగతిని గూర్చినది. సంతానము కొరకు వైద్యము చేయించుకొనుచున్న దంపతులు అనేక సంఘములలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన లెక్క ప్రకారము, పెద్దవారిలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి జీవితములో ఏదో యొక కాలమున సంతానలేమి బాధ అనుభవమగుచున్నది. అరువదిమంది పెద్దవారు కూర్చుండు చిన్న మందిరములో సహా ఈ భారమును మోసినవారు పదిమంది ఉండవచ్చును. వారు సాక్ష్యము చెప్పుటకు లేవరు. తమ మనవిని చీటీమీద వ్రాసి పాస్టరు చేతికియ్యరు. స్త్రీల సమాజమునకు ఏల రాలేదమ్మా అని అడిగినయెడల జ్వరమని చెప్పుదురు. నిజమునకు ఆ దినమున వారు పట్టణములో స్కానింగు కొరకు వరుసలో కూర్చుండియుందురు.

2020లో కరోనా తెగులు వచ్చినప్పుడు అందరికిని ఒక భయము కలిగినది. ఈ దంపతులకు మాత్రము రెండు కలిగినవి. తెగులు సోకునేమో, గర్భములోని బిడ్డకు కీడు కలుగునేమో అనునది మొదటి భయము. వయస్సు గడచిపోవుచున్నది, ఇప్పుడు ఆగినయెడల మరెన్నడును బిడ్డ కలుగడేమో అనునది రెండవ భయము. మొదటిది ఆగుమనెను; రెండవది సాగుమనెను. ఈ రెంటి నడుమ నలిగినవారికి చుట్టుప్రక్కలవారి మాటలు మూడవ భారమయ్యెను. ఆగినవారిని చూచి విశ్వాసము లేదనిరి. సాగినవారిని చూచి దేవుని శోధించుచున్నారనిరి.

ఈ విషయమందు వాక్యము ఏమి బోధించుచున్నది? ఆ తెగులు ఉధృతి తగ్గిపోయినది గదా, ఇప్పుడెందుకని కొందరడుగవచ్చును. ఆ దినములలో చేసిన నిర్ణయముల గాయములు అనేక గృహములలో ఇంకను మానలేదు. మరియు తెగుళ్లు మరల రావని ఎవరును చెప్పజాలరు. కావున నెమ్మది కాలముననే ఈ పాఠము నేర్చుకొనుట మేలు.

1. జరిగిన సంగతులు

ఈ చికిత్స ఎట్టిదో మొదట తెలిసికొందము. ఐ.వి.ఎఫ్. అను పద్ధతిచేత లోకములో మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించెను. ఈ పద్ధతిలో స్త్రీకి సుమారు పది దినములు ఇంజెక్షన్లు ఇచ్చెదరు. నడుమ నడుమ స్కానింగు చేసి, అండములు ఎదిగిన తరువాత వాటిని వెలుపలికి తీసి, ప్రయోగశాలలో భర్త వీర్యకణములతో కలిపెదరు. ఏర్పడిన పిండమును కొన్ని దినములకు గర్భములో ఉంచెదరు. లేదా ద్రవ నైట్రోజనులో, సున్నాకు క్రింద 196 డిగ్రీల చలిలో భద్రపరచెదరు. ఈ పద్ధతిని గూర్చి క్రైస్తవులలో వేర్వేరు అభిప్రాయములున్నవి. అది మరియొక పాఠమునకు తగిన సంగతి. ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటే: పదిదినముల ఇంజెక్షన్లలో ఐదవ దినమున బస్సులు నిలిచిపోయినయెడల, అంతవరకు పెట్టిన సొమ్మును, పడిన బాధయు వృథాయగును.

అట్లే జరిగినది. 2020 మార్చి 25న మన దేశమంతట లాక్‌డౌను ఆరంభమయ్యెను. రైళ్లు నిలిచెను, బస్సులు నిలిచెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధనయైనను మన మందిరములలో జరుగలేదు. ఆ మార్చి నెలలోనే అమెరికా, ఐరోపా దేశములలోని సంతాన వైద్యనిపుణుల సంఘములు క్రొత్తగా చికిత్స ఆరంభింపవద్దని సలహా ఇచ్చెను. బ్రిటనులో ఈ చికిత్సలను పర్యవేక్షించు సంస్థ, ఏప్రిల్ 15 నాటికి ఆసుపత్రులన్నియు చికిత్సలు ఆపవలెనని ఆజ్ఞాపించెను. ఆగవలసి వచ్చినది మన పల్లెల దంపతులు మాత్రమే కాదు. లోకమంతట వేలాది గృహములు ఒక్కసారిగా ఆగినవి.

వైద్యులు అట్లు చెప్పుటకు కారణములుండెను. ఆ క్రొత్త తెగులు గర్భిణికిని బిడ్డకును ఏమి చేయునో అప్పటికి తెలియదు. నాలుగు సంవత్సరములకు ముందు, 2016లో, జికా అను తెగులు దక్షిణ అమెరికా ఖండములో గర్భస్థ శిశువుల మెదడు ఎదుగుదలను పాడుచేయగా లోకము చూచియుండెను. మరియు ఆసుపత్రి పడకలు, మందులు, సిబ్బంది తెగులు సోకినవారికి కావలసియుండెను. అయితే క్యాన్సరు చికిత్సకు పోవుచున్న స్త్రీల అండములను ముందుగా భద్రపరచుటవంటి అత్యవసరమైన పనులను ఆపవద్దని కూడ ఆ సంఘములు చెప్పెను. అందరికిని ఒకే కొలత వేయలేదు. ఏప్రిల్ చివర నాటికి, జాగ్రత్తతో క్రమక్రమముగా తిరిగి ఆరంభింపవచ్చునని అవే సంఘములు తెలిపెను. బ్రిటనులో మే 11 నుండి ఆసుపత్రులు మరల తెరచుటకు దరఖాస్తులు పెట్టుకొననిచ్చిరి.

ఆగుమని చెప్పినవారు కొద్ది వారములకే సాగవచ్చుననిరి. ఏ మాట నమ్మవలెనని అనేకులు కలత చెందిరి. కాని వారు మాట మార్చినది చపలత్వము వలన కాదు. తెలియనిది తెలియుచు వచ్చినందున మార్చిరి. ఈ తలంపుతో ఇప్పుడు మన పాఠ భాగమును తెరచుదము.

2. మేఘము నిలిచినన్ని దినములు

సంఖ్యాకాండము తొమ్మిదవ అధ్యాయములో అరణ్యమందు ఇశ్రాయేలీయుల ప్రయాణ క్రమము వ్రాయబడియున్నది. గుడారముమీద మేఘము నిలిచినప్పుడు వారు దిగిరి. మేఘము లేచినప్పుడు బయలుదేరిరి. ఇరువది రెండవ వచనమును జాగ్రత్తగా చదువుడి. మేఘము రెండు దినములు నిలిచినను, ఒక నెల నిలిచినను, ఇంకను ఎక్కువ కాలము నిలిచినను వారు కదలలేదని అందులో ఉన్నది. ఎంత కాలము నిలుచునో వారికి ముందుగా తెలుపబడలేదు. ఒక తల్లి సాయంకాలమున గుడారపు మేకులు దిగగొట్టి, పొయ్యి రాళ్లు అమర్చి, పిల్లలను పండుకొనబెట్టగా, తెల్లవారి మేఘము లేచియుండవచ్చును. మరియొకప్పుడు రేపు బయలుదేరుదుమని మూట విప్పక కూర్చున్నవారు నెలదినములు అక్కడనే ఉండవలసి వచ్చెను.

ఆగుట ఆజ్ఞకు లోబడుటయే అని ఈ భాగము బోధించుచున్నది. నిలిచిన దినములను దేవుడు వ్యర్థ దినములుగా లెక్కింపలేదు. నిలిచిన చోటనే మన్నా కురిసెను. లేవీయులు గుడారపు సేవ చేసిరి. ప్రజలు యెహోవా మాట కనిపెట్టుచుండిరి. ప్రయాణములో ఉన్న దినము ఎంత దేవునిదో, విడిదిలో ఉన్న దినమును అంతే ఆయనది.

కావున తెగులు కాలమున చికిత్స ఆపిన సహోదరీ, నీవు ఆగిన ఆ మాసములు నీ జీవితములోనుండి కొట్టివేయబడిన మాసములు కావు.

3. త్రోవకు ఇరుప్రక్కల రెండు గోతులు

అదే సంఖ్యాకాండములో మరి కొన్ని అధ్యాయములు ముందుకు పోయినయెడల, పదమూడు పదునాలుగు అధ్యాయములలో రెండు తప్పులు ఒకదాని వెంట ఒకటి కనబడును. వేగులవారు కనాను దేశమును చూచివచ్చి అక్కడివారు ఉన్నతదేహులని చెప్పగా, జనులు రాత్రియంతయు ఏడ్చి, పోమనిరి. పొమ్మని దేవుడు చెప్పిన వేళ వారు భయపడి ఆగిరి. ఇది మొదటి గోయి. మరునాడు తమ తప్పు తెలిసినదని చెప్పి, మోషే వలదన్నను వినక, నిబంధన మందసము పాళెములోనే ఉండగా కొండకు ఎక్కిపోయిరి, ఓడిపోయి తరుమబడిరి. వద్దని దేవుడు చెప్పిన వేళ మూర్ఖించి సాగిరి. ఇది రెండవ గోయి.

పైకి చూచినయెడల మొదటి దినము జాగ్రత్తవలెను, రెండవ దినము ధైర్యమువలెను కనబడును. కాని రెంటిలోను దేవుని మాట వినుట లేదు. మొదటి దినమున వారిని నడిపినది భయము. రెండవ దినమున నడిపినది, చేజారిన దానిని ఎట్లయినను పట్టుకొనవలెనను ఆత్రము. తెగులు కాలములో మన దంపతులను పట్టిన రెండు భయములు ఇవే గదా! కావున ఎవరైనను ఆగిరా, సాగిరా అని మాత్రమే చూచి తీర్పు చెప్పలేము. ఆ నిర్ణయము ఎట్టి హృదయములోనుండి వచ్చినదో దేవునికే తెలియును.

మత్తయి నాలుగవ అధ్యాయమును కూడ జ్ఞాపకము చేసికొనుడి. దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు వాక్యమునే ఎత్తి చూపెను. దూతలు కాపాడుదురను వాగ్దానము నిజమైనదే. అయినను ప్రభువు దుముకలేదు. వాగ్దానమును పరీక్షించుటకు అపాయము కొనితెచ్చుకొనుట విశ్వాసము కాదని మనకు నేర్పెను.

4. ఒకే ప్రవక్త, రెండు మాటలు

యిర్మీయా గ్రంథము పదునారవ అధ్యాయములో, ఆ స్థలమున పెండ్లి చేసికొనవద్దని, కుమారులను కుమార్తెలను కనవద్దని దేవుడు ప్రవక్తతో చెప్పెను. యెరూషలేమునకు రానున్న తెగుళ్లు, కరవు, ఖడ్గము దానికి కారణము. అదే గ్రంథము ఇరువది తొమ్మిదవ అధ్యాయములో అదే ప్రవక్త బబులోనులోని చెరవారికి పత్రిక వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుడనియు, పిల్లలను కనుడనియు చెప్పెను. చెరలో ఉన్నవారి స్థితి సుఖమైనదా? కాదు. అయినను అక్కడ కనుమనెను, ఇక్కడ వద్దనెను. దేవుడు మారలేదు, కాలమును స్థలమును మారెను. పిల్లలను కనుట ఎప్పుడును విశ్వాసమనిగాని, కష్టకాలమున కనకుండుట ఎప్పుడును జ్ఞానమనిగాని ఒకే సూత్రము పట్టుకొని అందరిమీద వేయువారు ఈ రెండు అధ్యాయములను కలిపి చదువవలెను.

సంఘ చరిత్రలో కూడ దీనికి సాక్ష్యమున్నది. 1527లో జర్మనీ దేశమందలి విట్టెన్‌బర్గు పట్టణమునకు మహామారి వచ్చెను. విశ్వవిద్యాలయము యేనా పట్టణమునకు తరలిపోయెను. మార్టిన్ లూథరు మాత్రము రోగులను విడువక అక్కడనే నిలిచెను. అప్పుడు ఆయన భార్య కేథరీన గర్భవతి. బ్రెస్లౌ పట్టణపు పాస్టరు యోహాను హెస్సు, క్రైస్తవుడు తెగులునుండి పారిపోవచ్చునా అని అడిగినందుకు లూథరు ఒక జవాబు వ్రాసి ప్రకటించెను. పాస్టర్లు, అధికారులు మొదలగు బాధ్యతగలవారు తమ పని విడిచి పోరాదనెను. పొరుగువాని అక్కర తీర్చు ఏర్పాటు చేసి పోవువారిని మాత్రము నిందింపలేదు. మందులను తృణీకరించి, జాగ్రత్తను విడిచి తిరుగువారు దేవుని శోధించుచున్నారని చెప్పెను. తనకు పనిలేని చోటికి పోననియు, పొరుగువానికి తాను కావలసినయెడల వెనుకాడననియు తన విషయము తెలిపెను.

ఆ సంవత్సరము డిసెంబరు 10న కేథరీనకు ఎలిసబెతు అను కుమార్తె జన్మించెను. తెగులు దాటి పుట్టిన ఆ పసిబిడ్డ మరుసటి సంవత్సరము ఆగస్టులో మరణించెను. ఈ సంగతి దాచి, తెగులులో పుట్టిన బిడ్డ క్షేమముగా పెరిగెనని ముగించినయెడల వినుటకు ఇంపుగా ఉండును. కాని విశ్వాసుల గృహములలో జరుగునది అన్ని వేళల అట్టిది కాదు. నిలిచినవారికి బహుమానముగాని, పోయినవారికి శిక్షగాని వెంటనే కనబడదు.

5. హన్నా చుట్టునున్న మాటలు

ఇప్పుడు రెండవ పఠన భాగమునకు వత్తము. హన్నా ఇంటిలో ముగ్గురి మాటలు వినబడుచున్నవి.

పెనిన్నా మాట గ్రుచ్చునది. ప్రతి సంవత్సరము పండుగకు పోవునప్పుడే ఆమె హన్నాను విసికించెనని వాక్యము చెప్పుచున్నది. దేవుని మందిరమునకు పోవు త్రోవలోనే ఆ గాయము తగిలెను. మన క్రిస్మసు దినములు, మన బిడ్డల ప్రతిష్ఠ ఆరాధనలు కొందరికి అట్టి త్రోవలుగా ఉన్నవేమో ఆలోచింపుడి.

ఎల్కానా మాట ప్రేమగలది, కాని చాలినది కాదు. పదిమంది కుమాళ్లకంటె తాను మేలు కాడా అని అడిగెను. ఆయన భార్యను నిజముగా ప్రేమించెను. అయినను ఆమె దుఃఖమును వినక, దానిని మాన్పవలెనని త్వరపడెను. భర్తలారా, మీ భార్య ఏడ్చునప్పుడు జవాబు చెప్పుటకు ముందు ఏమి జరిగినదో చెప్పనియ్యుడి. మరియొక మాట. సంతానము లేని దంపతులలో ఇంచుమించు సగముమంది విషయమున పురుషుని వైపున కూడ కారణముండునని వైద్యులు చెప్పుచున్నారు. అట్లుండగా మన ఊళ్లలో మొదట పరీక్షకు పోవునది స్త్రీయే, మాటపడునది స్త్రీయే. ఇది న్యాయము కాదు.

ఏలీ మాట మొదట తీర్పు, పిమ్మట దీవెన. పెదవులు కదలుట మాత్రమే చూచి త్రాగియున్నదనుకొనెను. ఆమె చెప్పినది విన్న తరువాత సమాధానముతో పంపెను. సంఘపెద్దలకు ఇది మంచి మాదిరి: చూచినదానినిబట్టి పలికిన మాటను, విన్నదానినిబట్టి దిద్దుకొనవచ్చును.

ఇక పదునెనిమిదవ వచనమును గురుతు పెట్టుకొనుడి. హన్నా లేచి పోయి భోజనము చేసెను. ఆమె ముఖము మరి దుఃఖముగా నుండలేదు. అప్పటికి ఆమె గర్భవతి కాలేదు. సమూయేలు పుట్టుట ఇరువదియవ వచనములో గదా! సమాధానము బిడ్డకు ముందే వచ్చెను. ఆమె తన హృదయమును ప్రభువు సన్నిధిని కుమ్మరించి, ఫలితమును ఆయన చేతికి విడిచిపెట్టెను. కనుక బిడ్డ కలిగినప్పుడు మాత్రమే దేవుడు వినెనని చెప్పుట సరికాదు.

6. నిర్ణయము చేయు విధము

మనకు కంటికి కనబడు మేఘము లేదు. ఫలానా నెలలో చికిత్స చేయించుకొనుము, ఫలానా నెలలో మానుమని దర్శనము చెప్పు మనుష్యులయొద్దకు పరుగెత్తవద్దు. అట్టి మేఘముగా నుండుటకు మేము పాస్టర్లము పిలువబడలేదు. మీతోకూడ మోకాళ్లూనుటకును, వాక్యము తెరచుటకును పిలువబడితిమి. నిర్ణయము మీ ఇద్దరిదే. దానికి సహాయముగా నాలుగు సంగతులు చెప్పుచున్నాను.

(అ) వైద్యుని అడుగుడి. స్త్రీకి కలుగవలసిన అండములన్నియు ఆమె పుట్టినప్పుడే ఉండును. వయస్సుతో అవి తగ్గుచుండును. 35 సంవత్సరములు దాటిన తరువాత మరి త్వరగా తగ్గును. చిన్న వయస్సుగలవారికి కొద్ది నెలల విరామమువలన సామాన్యముగా పెద్ద నష్టము కలుగదు. 38, 40 సంవత్సరముల దగ్గరనున్నవారి లెక్క వేరు. కావున పొరుగింటివారు ఆగిరి గనుక మనమును ఆగుదుమనుట తగదు. మా విషయములో ఆరు నెలలు ఆగినయెడల ఏమగును, సాగినయెడల ఏ అపాయమున్నది అని సూటిగా అడిగి, జవాబు కాగితముమీద వ్రాసికొనుడి. పిండములను భద్రపరచినవారు భయపడనక్కరలేదు; మన దేశములో 2022 జనవరి నుండి అమలులోనున్న చట్టము వాటిని పది సంవత్సరములవరకు ఉంచనిచ్చుచున్నది. అదే చట్టము చికిత్స పొందు స్త్రీకి 50, పురుషునికి 55 సంవత్సరములు దాటరాదని హద్దు పెట్టినది. మీరు పోవు ఆసుపత్రి ఆ చట్టము క్రింద నమోదైనదో లేదో చూచుకొనుడి.

(ఆ) ఖర్చు లెక్కింపుడి. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు లూకా 14లో చెప్పెను. లాక్‌డౌనులో కూలి పోయి, పంట అమ్ముడుపోక, ఆడపడుచుల బంగారముకూడ తాకట్టులోనున్న కుటుంబములున్నవి. అట్టి వేళ వడ్డీకి తెచ్చి సాగుటకంటె ఆగుట మంచి గృహనిర్వాహకత్వమే. దానికి సిగ్గుపడవలదు.

(ఇ) భయమును పేరు పెట్టి పిలువుడి. రాత్రి నిద్ర లేక, ఫోనులో మృతుల లెక్కలు చూచుచు నిర్ణయములు చేయవద్దు. నాకు దీనినిగూర్చి భయమున్నదని భార్య భర్తతోను, భర్త భార్యతోను చెప్పవలెను. పిమ్మట ఇద్దరును ప్రభువుతో చెప్పవలెను. మన్నా ఏనాటిది ఆనాటికే కూర్చుకొనవలసియుండెను. రేపటికని దాచినది పురుగుపట్టెను. రేపటి చింత కూడ అట్టిదే. భయములలో కొన్ని పుకార్లవలన పుట్టును. కరోనా టీకా వేయించుకొన్నయెడల పిల్లలు పుట్టరని ఊరూర చెప్పుకొనిరి. అది నిజము కాదని పరిశోధనలలో తేలినది. తెగులు సోకిన గర్భిణులకే అపాయము ఎక్కువని తెలిసినందున 2021 జూలైలో మన ప్రభుత్వము గర్భిణులకు ఆ టీకా అనుమతించెను. వారముల తరబడి నిద్రాహారములు లేక, బ్రదుకు వలదను తలంపు వచ్చినయెడల, ప్రార్థనతోకూడ వైద్యమును కావలెను. ప్రభుత్వమువారి టెలీ మానస్ సేవకు 14416కు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.

(ఈ) ఆగినయెడల, మరల చూచు దినము నిర్ణయించుకొనుడి. మూడు నెలలకో ఆరు నెలలకో ఇద్దరును కూర్చుండి తిరిగి యోచించవలెను. మేఘము లేచినను గుడారము ఊడదీయనివారు కొందరున్నారు. తెగులు పోయినను, మరల ఆశపడి మరల విరిగిపోవుదుమను భయముతో వైద్యుని గడప తొక్కలేకపోయిరి. ఇక చాలునని నెమ్మదితో మానుకొనుట వేరు, భయముచేత పేరైనను ఎత్తలేకుండుట వేరు. చికిత్స మానుకొని, చట్టప్రకారము బిడ్డను దత్తత తీసికొనినవారును, ఇద్దరుగానే ప్రభువును సేవించుచున్నవారును పూర్ణమైన కుటుంబములే.

నేనెరిగిన రెండు కుటుంబములను గూర్చి, వారి గురుతు తెలియకుండ, చెప్పెదను. ఒక ఇంటిలో భార్యకు 27 సంవత్సరములు. భర్త ఆటో నడుపువాడు. ఇంజెక్షన్లు సగములో నుండగా లాక్‌డౌను వచ్చెను. వయస్సు చిన్నది గనుక తొందర లేదని వైద్యుడు చెప్పగా, ఆటో అప్పు తీరి టీకా వేయించుకొనువరకు ఆగిరి. మరియొక ఇంటిలో భార్యకు 38 సంవత్సరములు, భర్త ఉపాధ్యాయుడు. ఆమెకు ఇక కాలము కొద్దియే అని వైద్యుడు చెప్పినందున 2020 సెప్టెంబరులో చికిత్స ఆరంభించిరి. జూన్ 8 నుండి మందిరములు తెరచుటకు అనుమతి వచ్చినను, నాలుగు నెలలు ఆరాధనకు రాక ఇంటిలోనే ప్రార్థించుకొనిరి. మొదటివారికి విశ్వాసము చాలదనిరి. రెండవవారికి దేవుని మందిరముకంటె ఆసుపత్రి ఎక్కువయ్యెననిరి. రెండు గృహములవారును కన్నీటితో ప్రార్థించియే నిర్ణయించిరని నేనెరుగుదును. వారిలో ఎవరికి బిడ్డ కలిగెనో ఇక్కడ వ్రాయను. వ్రాసినయెడల, బిడ్డ కలిగినవారి నిర్ణయమే దైవచిత్తమని మనము తేల్చివేయుదుము. రోమా పత్రిక 14వ అధ్యాయములో పౌలు, పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవని అడుగుచున్నాడు. ప్రతివాడును తన మనస్సులో రూఢిపరచుకొనవలెనని చెప్పుచున్నాడు. తిండి దినములను గూర్చి పలికిన ఆ మాట ఈ విషయములో మరి ఎక్కువగా వర్తించును.

7. సంఘము చేయవలసినది

మొదటిది, నాలుకను కాచుకొనుట. పెండ్లియై ఎన్నాళ్లయినది, విశేషమేమైన ఉన్నదా అని ప్రతి ఆదివారము అడుగుట ప్రేమ కాదు. గొడ్రాలు అను మాట పాత గ్రంథములలో ఉన్నదని చెప్పి మన సహోదరిని ఆ పేరుతో పిలువరాదు. శుభకార్యములలో ఆమెను వెనుకకు నెట్టు లోకాచారము మన గుమ్మములోనికి రానియ్యరాదు.

రెండవది, సాక్ష్యములలో జాగ్రత్త. ఉపవాస ప్రార్థన చేసినందున బిడ్డ కలిగెనని చెప్పువారు దేవుని స్తుతింపవలసినదే. కాని అదే ఉపవాసము చేసి ఖాళీ చేతులతోనున్నవారు వెనుక వరుసలో కూర్చున్నారని మరువరాదు.

మూడవది, తోడుండుట. చికిత్సకు పోవు దినమున పశువులకు గడ్డి వేయుట, ఇంటి ముసలివారికి అన్నము పెట్టుట, బస్సు ఖర్చునకు సహాయము చేయుట ఇవన్నియు పరిచర్యయే. అడిగిన వారికొరకు మాత్రమే పేరు పెట్టి ప్రార్థింపుడి. అడుగనివారి కొరకు ఇంటిలో మౌనముగా ప్రార్థింపుడి. చికిత్స ఫలింపక, లేక గర్భము నిలువక తిరిగివచ్చినవారి ఇంట మరణము జరిగినట్లే ఎంచి, పోయి కూర్చుండుడి. మాటలు లేకపోయినను ఫరవాలేదు.

ఇశ్రాయేలీయుల పాళెములో మేఘము నిలిచినప్పుడు ఒక గోత్రము మాత్రమే ఆగలేదు, అందరును ఆగిరి. ముందుకు పోగలిగినవారు ఆగినవారిని విడిచి పోలేదు. మన సంఘములు అట్టి పాళెములుగా నుండును గాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. సంఖ్యాకాండము 9:22లోని ప్రజలకును, 14వ అధ్యాయములోని ప్రజలకును భేదమేమి?

2. యిర్మీయా 16:1-4, 29:4-6 వచనములను కలిపి చదివినప్పుడు ఏమి నేర్చుకొనుచున్నాము?

3. హన్నా ముఖము మారినది ఏ వచనములో? అప్పటికి ఆమె స్థితిలో ఏమి మారినది, ఏమి మారలేదు?

4. సంతానము లేనివారు మన మందిరములో ఏ మాటలవలన, ఏ ఆచారములవలన బాధపడుచున్నారు? వాటిలో ఈ నెలలోనే మానదగినది ఏది?

(కూటము నడుపువారికి సూచన: నాలుగవ ప్రశ్న అడుగునప్పుడు ఎవరి పేరును ఎత్తనియ్యవద్దు, ఎవరిని చూచి అడుగవద్దు.)

ప్రార్థన

మా తండ్రీ, అరణ్యములో నీ ప్రజలు నిలిచిన చోటను, కదలిన చోటను వారితోకూడ ఉన్నవాడవు. తెగులు దినములలో ఆశను మూటగట్టి ప్రక్కన పెట్టిన దంపతులను జ్ఞాపకము చేసికొనుము. ఆగినవారి మనస్సునుండి నిందను తీసివేయుము. సాగినవారి మనస్సునుండి భయమును తీసివేయుము. ఒడి నిండినవారికి వినయమును, నిండనివారికి నీ సమాధానమును దయచేయుము. వైద్యులకు జ్ఞానమును, మా నాలుకలకు కావలిని అనుగ్రహించుము. మా ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.